పాప నిద్రపోతుంటే ఎందుకు లేపుతున్నారు?

ప్రశ్న: మా ఆయన ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్. పదకొండేళ్లుగా యుద్ధాలు జరిగే చోట్లకే వెళ్తున్నారు. నాలుగు నెలల క్రితం తిరిగొచ్చారు. ఒంటి మీద గీత కూడా పడలేదు కానీ మనిషి మారిపోయారు. రాత్రి మూడింటి దాకా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటారు. అడిగితే "కాప్షన్లు పెండింగ్ ఉన్నాయి" అంటారు. మందు ఎక్కువైంది. మా పాపకు ఆరేళ్లు. అది నిద్రపోతుంటే వెళ్లి భుజం పట్టి కుదిపి లేపేస్తున్నారు. ఏడుస్తూ లేస్తే "సారీ నాన్నా, పడుకో" అని బయటికి వెళ్లిపోతారు. రాత్రికి రెండు మూడు సార్లు ఇదే. పోయిన నెల ఉండబట్టలేక ఆయన హార్డ్ డిస్క్ తెరిచి చూశాను. కాసేపటికే మూసేసి బీరువాలో చీరల కింద దాచేశాను. ఆయన ఇల్లంతా వెతుకుతున్నారు గానీ నన్ను మాత్రం అడగలేదు. ఇప్పుడు మళ్లీ ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది, వచ్చే నెల వెళ్తానంటున్నారు. బంధువులేమో "గొప్ప పని చేస్తున్నాడు, నువ్వు అడ్డుపడకు" అంటున్నారు. ఆపితే స్వార్థం అవుతుందా? అసలు ఇది జబ్బేనా?

జవాబు: ముందు పాప సంగతి మాట్లాడుకుందాం.

నేను ఇరవై రెండేళ్లు ఒక వార్తాసంస్థలో ఫొటో డెస్క్ చూశాను. యుద్ధానికి ఒక్కసారీ వెళ్లలేదు. వెళ్లినవాళ్లు పంపిన ఫొటోలు ఏరి, కాప్షన్లు సరిచూసి, పత్రికలకు వదలడం నా పని. ఒకరోజు రాత్రి షిఫ్టులో ఓ ఫొటో వచ్చింది. నీలం చాప మీద నాలుగేళ్ల పిల్లాడు. ఒక చెయ్యి తల కింద ఉంది, నోరు కాస్త తెరుచుకుని ఉంది. కాప్షన్ సగమే వచ్చింది, ఊరి పేరు, తేదీ అంతే. నేను 'శిబిరంలో నిద్రపోతున్న బాలుడు' అని పూర్తిచేసి పంపబోతూ, ఎందుకైనా మంచిదని ఆ ఫొటో తీసినతనికి ఫోన్ చేశాను. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత "నిద్ర కాదు మేడమ్" అన్నాడు.

ఆ ఫొటోను మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూశాను. తేడా దొరకలేదు. దెబ్బ బయటికి కనపడకపోతే పోయిన పిల్లలు నిద్రపోతున్నట్టే ఉంటారు. మీ ఆయన అలాంటివి ఎన్ని చూసి ఉంటారో. పాప గదిలో లైటు తీసేసి ఉంటుంది, అది కదలకుండా పడుకుని ఉంటుంది. 'ఇది నా కూతురు, నిద్రపోతోంది' అని ఆయన బుర్రకు ఎక్కేలోపే చెయ్యి దాని భుజం మీదికి వెళ్లిపోతుంది. అది ఏడిస్తే బతికే ఉందని తెలుస్తుంది. అప్పుడు సిగ్గేసి బయటికి వెళ్లిపోతారు. ఇదంతా నా ఊహే, ఆయన నోటితో చెప్తే తప్ప ఖాయం కాదు. కానీ ఈ పని చేసిన ఇంకో ఇద్దరి దగ్గర ఇంచుమించు ఇదే విన్నాను. వాళ్లలో ఒకాయన రైల్లో రాత్రి ప్రయాణాలే మానేశాడు. బెర్తుల మీద తల దాకా దుప్పటి కప్పుకుని వరసగా పడుకున్న మనుషుల్ని చూడలేక.

ఇక జబ్బేనా అన్నారు. అయ్యుండొచ్చు, తేల్చాల్సింది మాత్రం సైకియాట్రిస్టే. చూసినవి పిలవకుండానే కళ్లముందుకు రావడం, నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ ఏదో జరగబోతోందన్నట్టు ఒళ్లు బిగబట్టుకుని ఉండడం, అయినవాళ్ల దగ్గర కూడా మొద్దుబారిపోవడం... ఇవి నెల దాటినా తగ్గకుండా రోజువారీ బతుకును పాడుచేస్తుంటే డాక్టర్లు పీటీఎస్‌డీ, అంటే ఘోరాలు చూశాక మనసుకు పట్టే జబ్బు, ఉందేమోనని చూస్తారు. మీకు నాలుగు నెలలయ్యింది. టొరంటోలో ఆంథొనీ ఫైన్‌స్టీన్ అనే మానసిక వైద్యుడు 140 మంది యుద్ధ పాత్రికేయుల్ని పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లలో నూటికి దాదాపు 29 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పీటీఎస్‌డీ వచ్చింది. యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికుల్లో కనపడే స్థాయి అది. డిప్రెషన్, మందు అలవాటు కూడా మామూలు పాత్రికేయుల కంటే ఎక్కువే. ఇంకో మాట కూడా చెప్పాలి, నూటికి మిగతా 71 మందికి రాలేదు. యుద్ధానికి వెళ్లిన ప్రతివాడూ చితికిపోయి వస్తాడన్నది సినిమా మాట. వచ్చినవాళ్లకు వైద్యం ఉంది. ట్రామాకు, అంటే మనసుకు తగిలిన గాయానికి, ప్రత్యేకంగా చేసే థెరపీలు, కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ అనే పద్ధతి, అవసరమైతే మందులు. చాలామంది బాగుపడతారు. నాకు తెలిసినవాళ్లే ఉన్నారు.

సైనికుడికీ మీ ఆయనకూ ఒక తేడా ఉంది. సైనికుడికి వెనక ఒక యూనిట్ ఉంటుంది, ఆస్పత్రి ఉంటుంది, పెన్షన్ ఉంటుంది. ఫ్రీలాన్సర్‌కు వెనకున్నది మీరు. మరి మీకు ఎవరూ ఏ ట్రైనింగూ ఇవ్వలేదు కదా.

భయం ఒక్కటే అయితే కథ ఇంత చిక్కుగా ఉండదు. ఈ పనిలో ఇంకో గాయం ఉంటుంది, 'ఆ సమయంలో నేనేం చేస్తున్నాను' అన్నది. జవాబు ఎప్పుడూ ఒకటే, ఫొటో తీస్తున్నాను. ఎదుట ఒక తల్లి గుండెలు బాదుకుంటుంటే వీళ్లు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూస్తారు, ఒక అడుగు పక్కకు జరుగుతారు, ఫోకస్ సరిచేస్తారు. ఆ క్షణంలో అదే వాళ్ల పని, అలా చేయకపోతే ఫొటో రాదు. కానీ ఆ అడుగు పక్కకు జరగడం తర్వాత వెంటాడుతుంది.

కెవిన్ కార్టర్ పేరు మీరు వినే ఉంటారు. 1993 మార్చిలో సూడాన్‌లోని అయోద్ అనే చోట, ఆకలితో నేల మీదికి వంగిపోయిన బిడ్డనూ వెనక కాచుకుని ఉన్న రాబందునూ ఒకే ఫ్రేములో తీసిన దక్షిణాఫ్రికా ఫొటోగ్రాఫర్. 1994లో ఆ ఫొటోకు పత్రికారంగంలో పెద్ద బహుమతి అయిన పులిట్జర్ వచ్చింది. బహుమతి వెంటే ప్రశ్న కూడా వచ్చింది. బిడ్డను ఎందుకు ఎత్తుకోలేదు? అదే ఏడాది ఏప్రిల్ 18న అతని ఆప్తమిత్రుడు కెన్ ఊస్టర్‌బ్రూక్ జొహానెస్‌బర్గ్ దగ్గర థొకోజాలో కాల్పుల్లో చనిపోయాడు. జూలైలో కార్టర్ ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి 33 ఏళ్లు. ఆ ఫొటోయే చంపిందని లోకం తేలిగ్గా అనేస్తుంది. నేను ఒప్పుకోను. అప్పులున్నాయి, డ్రగ్స్ ఉన్నాయి, స్నేహితుడి చావు ఉంది, అంతకుముందు ఏళ్ల తరబడి రోడ్ల మీద చూసిన హత్యలున్నాయి. ఇక ఆ బిడ్డ సంగతి. చాలా ఏళ్ల తర్వాత, 2011లో, ఒక స్పెయిన్ పత్రికవాళ్లు వెళ్లి వెతికితే, ఆ పిల్లాడు ఆ కరవులో చనిపోలేదని, బతికి పెద్దవాడై తర్వాతెప్పుడో జ్వరంతో పోయాడని కుటుంబం చెప్పింది. ఈ మాట కార్టర్‌కు చేరే వీలే లేకపోయింది.

ఇందులో నాలాంటి డెస్కువాళ్ల వాటా కూడా ఉంది, దాచుకోను. "బాగుంది, ఇంకాస్త దగ్గరగా తీసింది ఉందా?" అని నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఏసీ గదిలో కూర్చుని. ఫొటో బాగోలేదంటే నువ్వు తగినంత దగ్గరగా లేనట్టే అని పేరున్న యుద్ధ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా అన్నట్టు చెప్పే మాట మా వృత్తిలో తెగ చలామణీ అవుతుంది. కాపా 1954 మే 25న ఇండోచైనాలో మందుపాతర మీద కాలు పెట్టి పోయాడన్నది ఆ మాటతో పాటు ఎవరూ చెప్పరు. అతని తోడు, తనూ ఫొటోగ్రాఫరే అయిన గెర్డా టారో అంతకు చాలా ముందే, 1937లో, స్పెయిన్ యుద్ధంలో ట్యాంకు గుద్ది పోయింది. ఇంకా 27 నిండలేదు.

ఇప్పుడు వచ్చే నెల ప్రయాణం. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వెళ్లకూడదు. ఎప్పటికీ వెళ్లకూడదని అనడం లేదు, వచ్చే నెల వద్దు అంటున్నాను. నాలుగు నెలలుగా సరిగా నిద్రలేని మనిషి, రోజూ తాగుతున్న మనిషి అక్కడ తనకే కాదు, పక్కనున్న డ్రైవరుకూ, దారి చూపి మనుషుల్ని కలిపే స్థానిక సహాయకుడు ఫిక్సరుకూ కూడా ప్రమాదం. ఈ సందు దాటాలా, ఇక్కడే ఆగాలా అన్నది అక్కడ క్షణంలో తేల్చుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లకే అక్కడ గ్యారంటీ లేదు. టిమ్ హెథరింగ్టన్, క్రిస్ హాండ్రోస్ ఇద్దరూ ఏళ్ల అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్లు. 2011 ఏప్రిల్ 20న లిబియాలోని మిస్రాతాలో ఒకే మోర్టార్ దాడిలో పోయారు. హెథరింగ్టన్‌కు తొడ దగ్గర పెద్ద రక్తనాళం తెగింది, ఆస్పత్రికి చేరేలోపే రక్తం పోయి చనిపోయాడు. పక్కనున్నవాళ్లకు రక్తం ఆపడం తెలిసుంటే బతికేవాడేమో అన్న బాధతోనే అతని మిత్రుడు సెబాస్టియన్ యుంగర్ ఫ్రీలాన్సర్లకు ప్రథమ చికిత్స నేర్పే సంస్థ పెట్టాడు. మన దేశపు ఫొటోగ్రాఫర్ దానిష్ సిద్దిఖీ రాయిటర్స్ లాంటి పెద్ద సంస్థ మనిషి, అఫ్గాన్ ప్రత్యేక దళాలతో ఉన్నాడు. అయినా 2021 జూలై 16న స్పిన్ బొల్దక్‌లో చంపేశారు. ఫొటోగ్రాఫర్ అన్యా నీడ్రింగ్‌హాస్‌ను 2014లో అఫ్గానిస్థాన్‌లోనే కారులో కూర్చుని ఉండగా ఒక పోలీసు అధికారే కాల్చి చంపాడు. కాపలాకు ఉన్నవాళ్లలో ఒకడు!

చట్టం మాత్రం ఉంది. యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్ 79వ అధికరణం ప్రకారం యుద్ధ ప్రాంతంలో పాత్రికేయులు సాధారణ పౌరులే, వాళ్ల మీద దాడి చేయకూడదు. కానీ పాత్రికేయుల రక్షణ కమిటీ, సీపీజే, లెక్క ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా కనీసం 124 మంది పాత్రికేయులు, మీడియా సిబ్బంది చనిపోయారు. ఆ సంస్థ మూడు దశాబ్దాలకు పైగా లెక్కలు రాస్తోంది, అప్పటిదాకా ఏ ఏడాదీ అంతమంది పోలేదు. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతులు పాలస్తీనీయులే. జాకెట్ మీద 'ప్రెస్' అని రాసుకుంటే ఒకప్పుడు ధైర్యంగా ఉండేది.

ఆ లెక్కలోంచే మీ ఆయన గురించి ఇంకో సంగతి తడుతోంది. చనిపోయేవాళ్లలో ఎక్కువమంది బయటినుంచి వెళ్లినవాళ్లు కారు. అక్కడే పుట్టి, అక్కడే ఇల్లు కూలి, ఆ శిథిలాల ఫొటోనే తీసే స్థానికులు. మీ ఆయనకు తిరుగు టికెట్ ఉంది. ఆయనకు దారి చూపిన ఫిక్సర్‌కు లేదు. రాత్రి మూడింటికి కాప్షన్ల పేరుతో ఆయన ఎవరితోనైనా చాట్ చేస్తున్నారేమో, ఎవరి 'లాస్ట్ సీన్' కోసమో చూస్తున్నారేమో. వీలు చూసుకుని "అక్కడ నీతో తిరిగినాయన ఎలా ఉన్నాడు?" అని అడగండి. "ఏం చూశావు?" అని మాత్రం అడగొద్దు. చూసింది చెప్పాలంటే మళ్లీ చూడాలి. మనిషి గురించి అడిగితే నోరు విప్పడం కాస్త సులువు. చెప్పకపోతే వదిలేయండి. ఇంకోరోజు అడగొచ్చు.

ప్రయాణం గురించి మాత్రం రాత్రి, ఆయన తాగి ఉన్నప్పుడు, పాప ఏడుస్తున్నప్పుడు మాట్లాడొద్దు. పొద్దునపూట కూర్చోబెట్టి, మీరు చూసింది చూసినట్టు చెప్పండి. "నువ్వు పాపను రాత్రికి మూడుసార్లు లేపుతున్నావు. నాలుగు నెలలుగా నిద్రపోవడం లేదు. నాకు భయంగా ఉంది. డాక్టర్ను కలిశాక, ఆయన సరే అన్నాక వెళ్లు." నువ్వు పిచ్చివాడివైపోయావు, మా గురించి నీకు పట్టదు లాంటివి వద్దు. డాక్టర్ అనగానే మొహం మాడ్చుకుంటే, ఇదే పని చేసి థెరపీకి వెళ్లొచ్చిన స్నేహితుడెవరైనా ఉన్నాడేమో కనుక్కుని అతనితో మాట్లాడించండి. మా వాళ్లు భార్య చెప్తే వినరు, డెస్క్ చెప్తే వినరు, తమలాగే బురదలో పడుకున్నవాడు చెప్తే వింటారు. పాత్రికేయుల మానసిక గాయాల గురించి డార్ట్ సెంటర్ అనే సంస్థ రాసిపెట్టిన సమాచారం ఆన్‌లైన్‌లో ఉంది, మీరూ చదవండి. కష్టంలో ఉన్న ఫ్రీలాన్సర్లకు రోరీ పెక్ ట్రస్ట్ లాంటివి సాయం చేస్తాయి.

ఒకవేళ ఆయన నోట "నేను లేకపోతేనే మీరు హాయిగా ఉంటారు" లాంటి మాట వస్తే, లేదా మీకే అలాంటి అనుమానం తగిలితే, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగేయండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. బంధువులు ఏమనుకుంటారో అన్నది తర్వాత చూసుకోవచ్చు.

బంధువులన్నాక గుర్తొచ్చింది. గొప్ప పనే, నేను కాదనను. 2022 మార్చిలో ఉక్రెయిన్‌లోని మరియుపోల్ ప్రసూతి ఆస్పత్రి మీద బాంబు పడ్డప్పుడు, స్ట్రెచర్ మీద నిండు గర్భిణిని మోసుకెళ్తున్న ఫొటోను యెవ్‌హెన్ మలోలెత్కా తీసి ఉండకపోతే, 'అక్కడ రోగులే లేరు' అన్నవాళ్ల మాటే చెల్లుబాటయ్యేది. కాబట్టి ఎవరో ఒకరు వెళ్లాలి. ప్రతిసారీ మీ ఆయనే వెళ్లాలని ఎక్కడా రాసిలేదు. కంబోడియాలో తూటా కెమెరాకు తగిలి బతికి బయటపడ్డ యుద్ధ ఫొటోగ్రాఫర్ డాన్ మెకల్లిన్ తర్వాతి కాలంలో ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో తన ఇంటి చుట్టూ ఉన్న పొలాలను, ఆకురాలిన చెట్లను ఏళ్ల తరబడి తీశాడు. ఆయన్ను పిరికివాడని ఎవరూ అనలేదు. మీరు ఆపితే స్వార్థమా అంటే, కొంచెం స్వార్థమే. ఉండకూడదా? పదకొండేళ్లు ఫోన్ చేతిలో పట్టుకుని పడుకున్నది మీరు, "అడ్డుపడకు" అంటున్నవాళ్లు కారు.

డాక్టర్ సరేనన్నాక, కొన్ని నెలల తర్వాత మళ్లీ ప్రయాణం మాట వస్తే, అప్పుడు ఏజెన్సీని మీరే అడగండి, రాతపూర్వకంగా. గాయపడితే అక్కడినుంచి బయటికి తరలించే ఖర్చు కూడా కలిపి ఇన్సూరెన్స్ ఉందా? యుద్ధ ప్రాంత భద్రత, ప్రథమ చికిత్స శిక్షణకు వాళ్లు డబ్బిస్తారా? జాకెట్, హెల్మెట్, రక్తం ఆపే టూర్నికెట్ ఎవరిస్తారు? చెప్పిన టైముకు ఆయన ఫోన్ చేయకపోతే ఎవరు కదులుతారు, ఎన్ని గంటలకు? తిరిగొచ్చాక కౌన్సెలింగ్ ఉంటుందా? 2014లో జేమ్స్ ఫోలీ లాంటి ఫ్రీలాన్సర్ల హత్యల తర్వాత, 2015లో పెద్ద పెద్ద వార్తాసంస్థలు కలిసి ఫ్రీలాన్సర్ల భద్రతకు కొన్ని సూత్రాలు ఒప్పుకున్నాయి. సొంత ఉద్యోగులను చూసుకున్నట్టే వీళ్లనూ చూసుకోవాలన్నది దాని సారం. మీరు అడిగితే నస పెట్టినట్టు కాదు. నీళ్లు నమిలారంటే ఆ ఏజెన్సీ సంగతి మీకు తెలిసిపోయినట్టే.

పాపకు ఈలోపు రెండు ముక్కలు చెప్పాలి. "నాన్న వెళ్లిన చోట పిల్లలకు దెబ్బలు తగిలాయి. అందుకని నువ్వు బాగున్నావో లేదో చూడ్డానికి వస్తున్నారు. నీ తప్పేం లేదు." ఆరేళ్ల పిల్లకు ఇది చాలు. దాని గదిలో చిన్న బెడ్‌లైట్ పెట్టండి, ఊపిరికి పొట్ట లేచి పడడం గుమ్మం దగ్గరినుంచే కనపడేటట్టు. మీ ఆయనతో, లేపకుండా అక్కడే నిలబడి పది ఊపిర్లు లెక్కపెట్టమని చెప్పండి. ఇది వైద్యం కాదు, డాక్టర్ను కలిసేదాకా పాప నిద్ర కాపాడే ఉపాయం, అంతే.

హార్డ్ డిస్క్ తిరిగి ఇచ్చేయండి. మీరెందుకు దాచారో అర్థమైంది, నేనైనా అదే చేసేదాన్నేమో. కానీ అందులో ఉన్నవాళ్ల పేర్లు, ఊర్లు, తేదీలు ఆయన బుర్రలోనూ ఆ డిస్క్‌లోనూ తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. లీ మిల్లర్ అని రెండో ప్రపంచ యుద్ధంలో డహావ్, బుహెన్‌వాల్డ్ అనే నాజీ నిర్బంధ శిబిరాలను తీసిన ఫొటోగ్రాఫర్ ఉండేది. ఇంటికొచ్చాక కుంగిపోయింది, తాగుడులో పడింది, ఆ రోజుల గురించి మాట్లాడడమే మానేసింది. 1977లో ఆమె పోయాక ఇంటి అటక మీద పెట్టెల్లో వేల నెగెటివ్‌లు బయటపడ్డాయి. అమ్మ ఏం చూసిందో కొడుక్కు అప్పుడు తెలిసింది. మీ ఆయన వెతుకుతూ కూడా మిమ్మల్ని అడగలేదంటే, మీరే తీశారని ఆయనకు తెలిసే ఉంటుంది.

ఇస్తూ, చూశానని చెప్పేయండి. మీకు కూడా అందులోవి ఇంకా కళ్లముందు తిరుగుతుంటే అదీ చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరూ చూపించుకోండి. కాప్షన్ల పని పగలు పెట్టుకోమని, పడకగదిలో వద్దని అడగండి. ఇచ్చేది కూడా రాత్రిపూట వద్దు. పొద్దున్నే, పాప స్కూలుకు వెళ్లాక.